కోడికి బాకీ

ఇంటి వెనక నాలుగు సిమెంటు స్తంభాలు.
ఒక్కోదాని నెత్తిన ఒక్కో పాత స్కూటర్ టైరు.
నాటినప్పుడు జానెడు ముక్కలు,
కోసినచోట పాలు కూడా కారని మొండి ముక్కలు.
మా ఫాన్ తియెట్ ఇసుకలో
నీళ్ళకంటే ముందు ఓపిక పొయ్యాలి.

రెండేళ్ళకి టైరెక్కి
అటూ ఇటూ జడలు వదిలాయి.
మూడు పలకల జడలు, అంచులెంబడి ముళ్ళు.
చేపల సాసు పీపాల దగ్గర పని ముగించి వచ్చి
ఆ ముళ్ళ మధ్య చెయ్యి పెడితే
ఉప్పు తిన్న వేళ్ళు చురుక్కుమంటాయి.
పిల్లలు నా ఒళ్ళోకి వచ్చేముందు ముక్కు మూసుకుంటారు.
ఈ మొక్కలకి ముక్కు లేదు.

ఎండాకాలం పళ్ళు అందరికీ కాస్తాయి.
అందరికీ కాసినప్పుడు సంతలో ఎవరికీ అక్కర్లేదు.
అందుకే చలికాలం దీపాలు పెడతాం.
పొద్దు పొడుగైందని మొక్కని నమ్మించి
మొగ్గ రాబట్టుకోవడం.
చేలల్లో వేలకి వేల బల్బులు.
నా పెరట్లో నాలుగే,
వంటింటి కిటికీలోంచి లాగిన వైరు,
ముడికి నల్ల టేపు,
వాన పడకుండా నెత్తిన సగం కోసిన నీళ్ళ సీసా.

మొక్క నమ్మడానికి పద్ధెనిమిది రాత్రులు పట్టింది.
గోడవతల ఖోయ్ తాత కోడి
మొదటి రాత్రే నమ్మింది.

పదిన్నరకి కూసింది.
పదకొండున్నరకి కూసింది.
ఒంటిగంటకి గొంతు సవరించుకుని,
ఇంకే కోడైనా తనకంటే ముందు తెల్లవారిందంటుందేమోనని
కంగారుగా మళ్ళీ కూసింది.

నాలుగోనాడు తాత గోడ దగ్గరికొచ్చాడు.
బనియను, చేతిలో చల్లారిన టీ గ్లాసు.
"తన కూతతోనే తెల్లారుతుందనుకునే పిచ్చిది.
రాత్రికి అయిదుసార్లు తెల్లవారిస్తోంది పాపం.
దానికి గొంతు పోయింది, నాకు నిద్ర పోయింది.
నీకేం పోయింది?"
కరెంటు బిల్లు, అన్నాను.
ఆయన నవ్వలేదు.

గంప కింద పెట్టి గోనె కప్పాడు.
గోనెలోంచి కూసింది.
వెలుతురు కాదిక,
అలవాటు.

మొగ్గలు లేచాయి, పదకొండు.
మొదట వేలి కొసంత, తర్వాత పిడికిలంత,
తర్వాత చంటిపిల్ల ముంజేయంత.
పూసే రాత్రి ఇదేనని
మెడలు పైకి తిప్పిన తీరే చెబుతుంది.

సరిగ్గా ఆ రాత్రే కరెంటు పోయింది.
నా నాలుగు బల్బులూ,
దూరాన చేల మీది పసుపుపచ్చ ఆకాశమూ
ఒక్కసారే ఆరిపోయాయి.
కోడి నోరు మూసుకుంది.

అంత చీకటిని చిన్నప్పుడెప్పుడో చూశాను.
పూలు విచ్చుకోవడం కనపడలేదు.
తడిబట్ట ఆరేసినట్టు ఒక చల్లని వాసన
ముఖానికి తగిలింది.
ఆ వాసనకి ఉప్పు లేదు, చేప లేదు,
అది నా పెరట్లోంచి వచ్చిందంటే నేనే నమ్మలేదు.

గోడవతల ఖోయ్ తాత అప్పటికే నిల్చుని ఉన్నాడు.
చేత టార్చి ఉంది, వెలిగించలేదు.
"వెయ్యనా?"
"వద్దు."
ఇన్నాళ్ళూ వెలుతురుతో అబద్ధమాడింది నేను.
పువ్వు మాత్రం దేన్నీ మనసులో పెట్టుకోక
నేరుగా రాత్రిలోకి విప్పుకుంది.
చాలాసేపటికి తాత గొంతు తగ్గించి,
"అది నిద్రపోయింది, గట్టిగా మాట్లాడకు" అన్నాడు.
నేనసలు మాట్లాడనే లేదు.

నెల తిరిగేసరికి తొమ్మిది నిలిచాయి.
రెండు చీమల పాలు.
ఒకటి పెద్దల పటాల ముందు పెట్టాను, అయిదు సంతకి.
అన్నిటికంటే ఎర్రటిది తాతకివ్వాలని
తీగకే ఉంచాను.

పొద్దున చూస్తే కోడి గోడ దిగి వచ్చి
దాని పొట్టకి కన్నం పెట్టింది.
ముక్కంతా తెల్లగుజ్జు, నల్లగింజలు.
నన్ను చూసి ఆగింది,
ఒంటికాలి మీద, దొంగలా కాదు,
అప్పు వసూలుకొచ్చినవాడిలా.

తిను, అన్నాను.
ఎన్ని తెల్లవారుజాములు బాకీనో
లెక్క నీ దగ్గరే ఉంది.